ఉద్యోగం రాకుండా రాసిన రెజ్యూమె

సైన్యంలో లారీల దళాన్ని నడిపించి పదవీ విరమణ చేసిన ఫిరంగిగారికి ఇంటికొచ్చాక శత్రువులెవరూ దొరకలేదు. అందుకని వంటింటి మీద పడ్డారు.

ఆయనకి అసలు పేరొకటి ఉంది. కాకపోతే ఆయన గుసగుసలాడినా పక్కవీధివాళ్ళు తలుపులు వేసుకుంటారు కాబట్టి ఈ పేరే ఖాయమైపోయింది.

ఒకరోజు వంటింటి డబ్బాలన్నిటినీ కవాతులో జవాన్లలా ఎత్తుల వారీగా నిలబెట్టారు. ఉప్పుడబ్బా, పంచదారడబ్బా ఒకే ఎత్తు. ఆ పూట ఇంటావిడ మొదటి గుక్క టీ తాగి, గ్లాసు కింద పెట్టింది.

"ఏవండీ, మీరేదైనా ఉద్యోగం చూసుకోండి. జీతం కోసం కాదు, నా ప్రాణం కోసం."

"ఇంకొకడి కిందా? ఇన్నేళ్ళూ 'అలాగే సార్' అని అరిగిపోయిన నోరిది. ఇక అనదు!"

"నాతో ఒక్కసారైనా అన్నదా ఆ నోరు?"

ఆవిడ వెంటనే తమ్ముణ్ణి రప్పించింది. అతను పెద్ద కంపెనీలో ఉద్యోగాలిచ్చే విభాగంలో పనిచేస్తాడు. స్నానానికి తప్ప టై విప్పడు కాబట్టి ఇంటిల్లిపాదికీ టైబాబు.

"బావా, సైన్యం భాష బయట చెల్లదు. 'లారీలు నడిపించాను' అని రాయకూడదు. 'రవాణా రంగంలో వ్యూహాత్మక నాయకత్వం వహించాను' అనాలి."

"నేను నడిపించింది లారీల్నిరా, రంగాన్ని కాదు."

"పోనీ, 'టీమ్ ప్లేయర్‌ని' అని పెడదాం."

"వాలీబాల్ ఆడి మోకాలు పోగొట్టుకున్నాను. అదీ పెట్టు."

"'ఎలాంటి పరిస్థితిలోనైనా సర్దుకుపోతాను' అని ఒక్క ముక్క..."

"సర్దుకుపోను!" ఇంట్లో కిటికీ అద్దాలు గల్లుమన్నాయి.

ఎందుకో ఇంటావిడకి తెలుసు. ఒకప్పుడు వాగు పొంగి వంతెన ఊగుతుంటే, ఒక్క ట్రిప్పే కదా, లారీలు దాటించమన్నాడు పై అధికారి. కుదరదన్నారు ఫిరంగిగారు. ఆజ్ఞ ధిక్కరించినందుకు ఆయన ప్రమోషన్ పోయింది. తెల్లారేసరికి వంతెనా పోయింది. అయినా ఒక్కరూ వచ్చి, నువ్వన్నదే నిజమయ్యా అనలేదు. ఆ ముల్లు గొంతులో అలాగే ఉండిపోయింది.

"ఇది రెజ్యూమె కాదురా, రాజీయే!" అని ఆయన కాగితం లాక్కున్నారు.

లాక్కున్నాక ఒక దివ్యమైన ఆలోచన వచ్చింది. వద్దంటే ఇంటావిడ బతకనివ్వదు. చూసినవాడు హడలి చచ్చేలా రాసి పంపిస్తే మాత్రం, ప్రయత్నం చేసినట్టూ ఉంటుంది, ఉద్యోగం రాకుండానూ ఉంటుంది. వెంటనే గది తలుపేసుకుని రాశారు.

"చెప్పిన పని తప్పయితే చెయ్యను. చెప్పినవాడు ఎంతవాడైనా సరే. ఒకసారి ఆజ్ఞ ధిక్కరించి శిక్ష అనుభవించాను. అవసరమైతే మళ్ళీ ధిక్కరిస్తాను. గొంతు పెద్దది, తగ్గించను. బలహీనతలు లేవు. ఉన్నా మీకెందుకు?"

బ్యాంకుకీ, నగల దుకాణానికీ, పెద్ద హోటలుకీ పంపమన్నారు. టైబాబు చదివి, జీవితంలో మొదటిసారి టై వదులు చేసుకున్నాడు.

"అక్కా, ఇది చూసి ఎవరూ పిలవరు. పిలిస్తే పోలీసుల్నే."

"ఒక్క అక్షరం మార్చకు. నేనే పంపిస్తాను" అంది ఆవిడ.

ఫిరంగిగారికి అప్పుడే అనుమానం రావలసింది. గెలిచిన సంబరంలో రాలేదు.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది. బడిబస్సుల డిపో నుంచి. మీ రెజ్యూమె మా మేడంగారికి తెగ నచ్చింది, రేపు రండి అని.

"నేను అక్కడికి పంపమన్లేదే!"

"పొరపాటున వెళ్ళిందేమో" అంది ఇంటావిడ కూర కలుపుతూ. "భయమైతే మానెయ్యండి."

"భయమా? నాకా?"

మర్నాడు ఇంటావిడని వెంటబెట్టుకుని డిపోకి వెళ్ళారు. ఆవిడ గేటు దగ్గర బల్లమీద కూర్చుంది. ఆయన లోపలికి వెళ్ళారు, ఎలాగైనా ఓడిపోవాలన్న పట్టుదలతో. డిపో యజమానురాలు పెద్దావిడ. కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"కూర్చోండి."

"కూర్చోను."

"టీ?"

"వద్దు."

"బస్సు ఆలస్యమైందని హెడ్మాస్టరు ఫోన్లో కేకలేస్తే?"

"నేను ఇంకా గట్టిగా వేస్తాను."

కాదన్నకొద్దీ ఆవిడ మొహం విప్పారుతోంది. ఫిరంగిగారికి చెమట పట్టింది. ఇంకా పెద్ద మొండితనం ఏదైనా చేద్దామని కిటికీలోంచి చూశారు. బడి వదిలే వేళ. బస్సులు గేటు వైపు బారులు తీరాయి. మొదటి బస్సు ముందు టైరు అచ్చం ఆయన బట్టతలలా మెరుస్తోంది.

అంతే, ఇంటర్వ్యూ సంగతి మర్చిపోయారు. బయటికి పరిగెత్తి బస్సుకి అడ్డంగా నిలబడ్డారు.

"ఆపు!"

బస్సు ఆగింది. దాని వెనక బస్సు ఆగింది. చెట్టు మీద కాకులు లేచాయి. గోడవతల సైకిలు మీద పోతున్నవాడు కూడా తననే అనుకుని దిగిపోయాడు.

మేనేజరు రొప్పుతూ వచ్చాడు. "ఎవరయ్యా నువ్వు? ఒక్క ట్రిప్పే కదా, రాగానే మారుస్తాం. తప్పుకో!"

"ఒక్క ట్రిప్పేనని నాకు ఇంతకుముందూ చెప్పారు. తప్పుకోను. పిల్లల్ని ఎక్కించుకునే బండి ఈ టైరుతో గేటు దాటాలంటే నా మీదుగా దాటాలి!"

హారన్లు మోగాయి. డ్రైవర్లు దిగొచ్చి చెరో పక్షం చేరారు. మేనేజరు ఆయన చెయ్యి పట్టి లాగితే, ఫిరంగిగారు ఏకంగా బంపరుకి వీపు ఆనించి నేలమీద చతికిలబడ్డారు. ఆ గోలలోకి పెద్దావిడ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. వంగి టైరుని అరచేత్తో తడిమింది.

"మేనేజరుగారూ, వేరే బస్సు పంపండి. బడికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పండి." తర్వాత ఆయన వైపు తిరిగింది. "మీరన్నదే నిజమండీ."

ఫిరంగిగారు లేవబోయి లేవలేకపోయారు. మోకాలి వల్ల అనుకున్నారందరూ.

"కుదరదు అనగలిగే మనిషి కోసమే వెతుకుతున్నాను. రేపట్నుంచి మీరు సరేననందే ఒక్క బస్సూ కదలదు. చేస్తారా?"

ఆ నోరు చాలాసేపు పెనుగులాడింది. చివరికి, "అలాగే మేడం" అంది.

తిరిగి వెళ్ళేటప్పుడు కూరగాయల బజారులో ఆయన ఆవిణ్ణి నిలదీశారు.

"బ్యాంకుకి పంపావా?"

"లేదు."

"నగల దుకాణానికి?"

"ఎందుకూ? ఒక్కచోటికే పంపాను. పంపడం కాదు, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. మేడం నన్ను గంటసేపు కూర్చోబెట్టి మీ గురించి అడిగింది."

"ఏం అడిగింది?"

"ఇంత మొండిమనిషి కదా, ఇంట్లో మీ మాటైనా వింటాడా అని."

"నువ్వేమన్నావ్?"

"వినరు గానీ, చేస్తారు అన్నాను."

ఫిరంగిగారు గట్టిగా ఖండించడానికి నోరు తెరిచారు. ఈలోగా ఆవిడ బంగాళాదుంపలూ గుమ్మడికాయా కొని, బరువైన సంచీని ఆయన వైపు చాచింది. అందుకుని, భుజాన వేసుకుని, ఆవిడ వెనకే నడిచారు.