పచ్చగా తిరిగిన ఫైరింజన్

కోరుట్లలోని సూర్యోదయ కాలనీ సంఘం సహర్షంగా తెలియజేసిందేమనగా, కాలనీ రోడ్లను ఇకపై కంప్యూటర్ పరీక్షిస్తుంది. అందుకోసం జగిత్యాల నుంచి నాహీద్ అనే యువ ఇంజనీరును పిలిపించారు. ఆమెకు శాలువా కప్పారు, లాప్‌టాప్‌కు బొట్టు పెట్టారు.

నాహీద్‌కు ఈ పనంటే ప్రాణం. రోడ్డు కొలతలు, బండి పొడవు ఇస్తే చాలు, తెరమీద బండి తిరుగుతుంది. ఎక్కడా తగలకపోతే పచ్చగీత, తగిలితే ఎర్రగీత. రెండు రోజులు ఎండలో టేపు పట్టి కొలిచి, ముందుగా ఫైరింజన్‌ను తిప్పింది. మూడో గల్లీ మలుపులో తెర ఎర్రబడింది. అక్కడ పదకొండు ఇళ్ల మెట్లు రోడ్డు మీదికొచ్చాయి. మొదటి ఇల్లు సంఘం అధ్యక్షులు జలపతి గారిది.

"గా మెట్లు తీసెయ్ బిడ్డా," అన్నారాయన ఉదారంగా.

నాహీద్ సంబరపడింది. "ఎప్పుడు కూలగొట్టిపిస్తరు సార్?"

"కూలగొట్టుడేంది? కంప్యూటర్ల తీసెయ్!"

"తెరమీద తీస్తె ఇంజన్ తెరమీదనే తిరుగుతది సార్."

సభ్యులు ఆమె నిజాయితీని చప్పట్లతో అభినందించి, మౌస్ లాక్కున్నారు. సాయంత్రానికి మెట్లు, ట్రాన్స్‌ఫార్మర్, లక్ష్మవ్వ బర్రె అన్నీ తొలగిపోయాయి. ఒకాయన పనిలో పనిగా పక్కింటి ప్రహరీ కూడా తీసేశాడు గానీ, కొట్లాట కావడంతో మళ్లీ కట్టించారు, తెరమీదే. ఫైరింజన్ పచ్చగా తిరిగింది. లడ్డూలు పంచారు.

నాహీద్‌కు లడ్డూ మింగుడుపడలేదు. "ఒక్కసారి నిజం ఇంజన్ తెప్పియ్యుండ్రి సార్," అని పట్టుబట్టింది. ఫొటోలు పేపర్లో వస్తాయని జలపతి గారు ఒప్పుకున్నారు.

పూలదండలతో ఇంజన్ వచ్చింది. మలుపులో ఇరుక్కుంది.

"ముందుకు పోతె మెట్లు, ఎనుకకు పోతె మోరి కాలువ. ఎటు పోవాలె మేడం?" అన్నాడు డ్రైవర్ సామేలు. నాహీద్‌కు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. క్రేన్ రావడానికి నాలుగు గంటలు పట్టింది.

వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. "ఒక్కో ఇంటి మెట్లు మూరెడు తగ్గిస్తె సాలు సార్. ఇంజన్ లోపటికొస్తది," అని నాహీద్ బతిమాలింది.

జలపతి గారు లేచారు. "సాఫ్ట్‌వేర్ల తప్పేం లేదు. ఇంజనే జర పొడుగున్నది," అని తేల్చి, తీర్మానం చదివారు: "కాలనీవాసులు అగ్నిప్రమాదాలను ఇకమీదట మెయిన్ రోడ్డు పక్కనే జరుపుకోవలెను."

ఇంజన్ చేరలేని లోపలి గల్లీల నుంచి నలభై కుటుంబాలు వచ్చాయి. వీళ్లైనా అడ్డుపడతారని నాహీద్ ఆశగా చూసింది. వాళ్లు వరసలో నిలబడి మరీ సంతకాలు పెట్టారు.

వాళ్లకూ మెట్లున్నాయి.