తలుపు గంటకై మిషను పిన్ని చేసిన పోరు

చండభానుడు నడినెత్తిన నిలిచి మేడల పైకప్పులను పెనముల వలె కాల్చుచుండగా, కాకులు సైతము నోళ్ళు తెరచి నీడకై దేవులాడుచుండగా, శతవర్షప్రాయగృహశ్రేణీవిరాజితమగు ఒకానొక ఇరుకు వీధిలో సంభవించిన మహాసంగ్రామమును చెప్పెదను, వినుడు. ఆ యుద్ధమున రక్తము చిందలేదు గాని చెమట మాత్రము ధారాళముగా కారెను.

ఆ వీధి నడిమి ఇంట మిషను పిన్ని అను వీరనారి వసించుచుండెను. సూచీముఖవిజృంభిణి, చిరుగుల పాలిటి సింహస్వప్నము, ఊరందరి నడుము కొలతలు ఎరిగియు పెదవి విప్పని గంభీరహృదయ! వెనుక గదిలో ఆమె మోటారు కుట్టుమిషను ప్రళయకాలమేఘము వలె గర్జించును. వీధి తలుపో, ఏనుగు కుమ్మినను ఉలకని టేకు చెక్క. తట్టుటకు దానికి పూర్వులు బిగించిన ఇత్తడి కడియమొకటి కలదు. దాని చప్పుడు నడవ దాటునప్పటికే నీరసించి మిషను మోతలో కలిసిపోవును. తలుపు తెరచి కూర్చుందమన్న వీధి దుమ్మంతయు తెల్లబట్టల మీదనే వాలును. ఇక ఫోను సంగతి సరేసరి, ఆ మోతలో అదియు మూగదే.

వచ్చినవారు తట్టి తట్టి విసిగి పోవుచుండిరి. బడిపిల్లల యూనిఫారాల బేరము తెచ్చిన పెద్దమనిషి ఒకడు గుమ్మములో కాళ్ళు పీకునంతసేపు నిలిచి, ఎదురు సందులోని దర్జీ వద్దకు పోయెను. ఏడాది పొడుగునా ఇల్లు గడుపు బేరమది. ఆ మాట చెవిన పడిన పూట పిన్నికి అన్నము సహించలేదు.

ఆమెకు కావలసినది ఒక్క కాలింగ్ బెల్లు. అడ్డు నిలిచినది పాత ఇండ్ల పరిరక్షణ సంఘము. పాత ఇంటి ముఖమున కొత్త కన్నము పొడవరాదని ఆ సంఘము శాసనము. దాని అధిపతి ప్రాచీనకుడ్యప్రణయపారీణుడగు రిటైరైన లెక్కల మాస్టారు. దారిన పోవుచు ప్రతి గోడను వీపు తట్టినట్లు తట్టి పలకరించుటచే ఆయనను అందరు గోడల మాస్టారందురు. కార్యదర్శిని పళ్ళ డాక్టరమ్మ. ఏ ఇంటి తీర్పు ఆ ఇంటి వద్దనే, సభ్యులు గోడకు అరచేయి ఆనించి చెప్పుట వారి ఆచారము.

సభ డాక్టరమ్మ క్లినిక్కులో, పుచ్చిపళ్ళ పటముల నడుమ కొలువుదీరెను. పిన్ని తన గోడు వెళ్ళబోసుకొనగా మాస్టారు సింహమువలె లేచిరి.

"అమ్మా! అది మామూలు కడియం కాదు, ఈ వీధి గొంతు! ఎన్ని తరాల చేతులు తట్టాయి దాన్ని! దాని సరసన ప్లాస్టిక్ గంటా? నా కంఠంలో ప్రాణముండగా జరగనివ్వను!"

"తరాలు తట్టాయి సరే మాస్టారూ, నాకు వినపడొద్దా?"

"తట్టడం చేతకానివాళ్ళు తట్టుంటారు. రేపు మేమే వచ్చి తడతాం. వినపడకపోతే అప్పుడు చూద్దాం."

"మిషను నడుస్తుండగా తట్టాలి మరి."

"నడుపుకో అమ్మా, రైలింజనే నడుపుకో!"

మరునాడు పిన్ని యంత్రమును అధిష్ఠించి, పెడలుపై పాదము మోపి, ఎవరిదో దిండు గలేబు కుట్టనారంభించెను. అంతట ఘోరము జరిగెను. వినపడెను! ఏనాడును వినపడని కడియము, ఆమె చెవులు రిక్కించి కూర్చుండుటచేతనో, మాస్టారి భుజబలముచేతనో, టకటకమని స్పష్టముగా వినపడెను.

లేచినచో బెల్లు లేదు, బేరములు లేవు. లేవకున్నచో అది మోసము. పైగా తలుపు చప్పుడైన తోడనే "ఆఁ, వస్తున్నా" అని లేచుట ఆమెకు పుట్టినింటి నుండి వచ్చిన అలవాటు. ఎడమ మోకాలు అప్పుడే సగము లేచెను. అంతట ఆ ధీర మనసులోనే మోకాలిపై ఇట్లు గర్జించెను:

"ఓసి మోకాలా! మెట్లెక్కమన్న మొరాయించు దానవు, శత్రువు పిలిచినంతనే ఎగిరిపడెదవేల? యూనిఫారాల పెద్దమనిషి తట్టిననాడు ఎచట చచ్చితివి? నిజముగా వినపడని దినములన్నిటి పక్షమున నేడొక్కనాడు వినపడనట్లు కూర్చుండుట ధర్మమే! కూర్చుండుము!"

మోకాలు దిగివచ్చెను. గలేబు కుట్టు మాత్రము వంకర పోయెను.

వీధిలో డాక్టరమ్మ కొంగుతో ముఖమద్దుకొనుచు, "ఆవిడకి వినపడట్లేదు మాస్టారూ. ఎండ మాడ్చేస్తోంది, పోదాం పదండి," అనెను.

"ఇంకొక్కసారి! తట్టడానికో పద్ధతుంటుంది!" అని మాస్టారు చొక్కా చేతులు మడిచి, కడియమును రెండు చేతులా ఒడిసిపట్టి, పండ్లు కొరికి బాదిరి. కిర్రుమనెను. పిదప చప్పుడు లేదు.

ఆ నిశ్శబ్దమునకు పిన్ని హడలిపోయెను. ఎండలో పెద్దాయనకేమైనా అయ్యెనేమో! ధర్మాధర్మవిచారము గాలికి వదిలి, చెప్పులైనను తొడుగక పరుగున పోయి తలుపు తీసెను.

మాస్టారు నిక్షేపముగనే ఉండిరి. ముఖము మాత్రము సున్నము కొట్టినట్లుండెను. చేతిలో కడియము, మేకుతో సహా. తలుపుకు దాని చోట చక్కని కన్నము.

"నేను మెల్లిగానే తట్టానమ్మా," అనిరి ఆయన, కడియమును వెనుకకు దాచుకొనుచు.

"ఈ వీధి గొంతండీ అది," అని డాక్టరమ్మ నవ్వాపుకొనుటకై అటు తిరిగెను.

పిన్నికి నవ్వు రాలేదు, జాలి వేసెను. "లోపలికొచ్చి ముందు మంచినీళ్ళు తాగండి మాస్టారూ."

నీళ్ళు త్రాగి, తేరుకొని ఆయన అడిగిరి: "ఇంతసేపు నీకు నిజంగా వినపడలేదా?"

"చివర్లో ఆగిపోయింది చూడండి," అనెను పిన్ని, "అది బాగా వినపడింది."

సంఘము గోడకు అరచేతులు ఆనించెను. "కొత్త కన్నం పొడవకూడదు. ఇది పాత కన్నమే కదా," అని డాక్టరమ్మ తీర్పు పలికెను. మాస్టారు కడియమును రొమ్మునకు హత్తుకొని, ఆ కన్నములో వ్రేలు పెట్టి చూచిరి. ఎట్టకేలకు, "చొక్కా గుండీ కంటే పెద్దది పెట్టకూడదు. ఇత్తడి రంగే ఉండాలి," అనిరి.

ఎలక్ట్రీషియను బిగించి పోయిన మరుసటి ఉదయమున గంట మోగెను. మిషను గర్జనను చీల్చుకొని వెనుక గది దాకా వచ్చెను.

"పిన్నీ, మోగిందా? నా ప్యాంటు నడుము కాస్త వదులు చెయ్యాలి," అని వీధిలో మాస్టారి కేక.

"ఏమో మాస్టారూ, సరిగ్గా తెలీలేదు. ఇంకోసారి నొక్కండి!"

ఇట్లు ప్రాచీనకుడ్యరక్షకమహాసైన్యమును ఎదిరించి గెలుచుకొన్న ఆ గుండీయంత విజయమును మిషను పిన్ని, మిషను ఆపి, చేతులు ఒడిలో పెట్టుకొని, మొదటి నుండి చివరి దాకా హాయిగా వినెను.