వేలిముద్ర మిషను నేర్పిన కర్మసిద్ధాంతం

ఆరేళ్ల కిందట, జూలై తొమ్మిదో తేదీ, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. అమలాపురం పక్కన మా ఊళ్లో గొడుగు విప్పితే అతి, ముడిస్తే తడి అన్నంత తుంపర. రేషన్ డిపోలోని వేలిముద్ర మిషను ఏ తత్త్వశాస్త్ర ఆచార్యుడికీ తీసిపోదని ఆ నిమిషాన నిర్ధారించుకున్నాను.

హిందువులూ బౌద్ధులూ ఎంత వాదించుకున్నా కర్మ, సంసారం, తృష్ణ, ధ్యానం, విముక్తి వారి ఉమ్మడి ఆస్తి. నేను వాటిని ఎమ్మేలో చదివి పరీక్ష రాశాను. మిషను మా ఊరి జ్ఞానమ్మ చేత నెలనెలా అభ్యాసం చేయించింది.

జ్ఞానమ్మ నలభై ఏళ్లుగా కొబ్బరి పీచుతో తాడు పేనుతోంది. పీచు వేలి గీతలను అరగదీసింది. గీతలు లేని వేలిని మిషను గుర్తించదు. గుర్తించకపోతే బియ్యం రావు. చేసిన పనికి ఫలం చేసినవారే అనుభవించాలన్న సూత్రానికి ఇంతకన్నా స్వచ్ఛమైన నిరూపణ ఉందా?

"పడలేదండి, జ్ఞానమ్మగారూ. రేపు రండి," అన్నాడు డీలరు సత్తిబాబు.

"నిన్నా ఇదే ఏలు పెట్టేనండి. మొన్నా ఇదేనండి. మా ఇంట్లో ఇంకో రకం ఏళ్లు లేవండి."

"ఆయ్, నాకు తెల్సండి. మిషనుకి తెలీదండి."

రేపు, మళ్లీ రేపు: సంసారచక్రమంటే ఇదేనని ఆమెకు ఓదార్పుగా వివరించాను. ఆమె ఖాళీ సంచి దులిపింది.

"మాకు ఒకటే జన్మని పాస్టరుగారు చెప్పేరండి, అమ్మగారూ. ఈ డిపోకాడ ఎన్నిసార్లు పుట్టాలండి?"

ఆ ప్రశ్న మా సిలబస్‌లో లేదు.

ధ్యానానికీ లోటు లేదు. తెర మీద గుండ్రంగా తిరిగే చుక్కను ఇరవై మంది రెప్పవేయకుండా చూస్తారు. పంపిణీ గడువు పదిహేనో తేదీ దాటితే ఆ నెల బియ్యం మీద తృష్ణ దానంతటదే నశిస్తుంది. జ్ఞానమ్మ రెండు పూటల అన్నం ఒక పూటకు వచ్చింది. మితాహారాన్ని రెండు సంప్రదాయాలూ మెచ్చుకుంటాయి.

మిగిలింది విముక్తి. కర్మ ఆగితే బంధం తెగుతుందని శాస్త్రం. మిషను శాస్త్రం తప్పలేదు.

రెండేళ్ల తరువాత జ్ఞానమ్మ కుడిచేతికి పక్షవాతం వచ్చింది. తాడు పేనడం ఆగింది. ఏడు నెలల్లో వేలి గీతలు తిరిగి వచ్చాయి. కూతురు సుందరి ఆ చేతిని ఎత్తి మిషను మీద పెట్టింది. మొదటిసారే గుర్తించింది.