మత్తులేని మగ్గం

మనిషి శీలాన్ని కొలవడానికి ప్లాస్టిక్ గ్లాసుకు మించిన సాధనం లేదని గుజరాత్‌లోని పల్సానాలో ఒక మరమగ్గాల మిల్లు ఇటీవల తేల్చి చెప్పింది. ఇకపై షిఫ్టుకొచ్చే ప్రతివాడూ గేటుకు ఎడమవైపు ఆ గ్లాసును మూత్రంతో నింపాలి. అందులో ముంచిన పట్టీ మీద రెండు గీతలొస్తే మంచివాడు. ఒక్కటే వస్తే మత్తుమందులు వాడేవాడు. (మూడో రకం మనుషులకు పట్టీ మీద చోటు లేదు.)

అదే గేటుకు కుడివైపు మిల్లువారు ఎన్నాళ్లుగానో దగ్గు సిరప్ పోస్తున్నారు. నూలు దుమ్ముకు దగ్గేవాళ్లకు మూతెడు తాగించి లోపలికి పంపడం అక్కడి ఆనవాయితీ. దగ్గేవాణ్ణి మగ్గం దగ్గరికి రానివ్వరు.

సిరిసిల్ల నుంచి వచ్చిన లింగమూర్తి కుడివైపు తాగి, ఎడమవైపు నింపాడు. ఒక్క గీతే వచ్చింది.

"నేను బీడీ సుత ముట్ట సాబ్! గా సిరప్ మీరే తాగిస్తిరి గద!"

మత్తు నివారణాధికారి పరమేశ్వర్ అక్కడి తెలుగువాళ్ల పేట పర్వత్ పాటియాలో పుట్టి పెరిగిన మనవాడే. ఓపికగా వివరించాడు. "దేఖో కాకా, సిరప్ హెల్త్ విభాగం. గ్లాసు సెక్యూరిటీ విభాగం. ఒకళ్ల పనిల ఒకళ్లం దఖల్ ఇయ్యం."

దగ్గు, జలుబు మందులకు కూడా పట్టీ మోసపోవచ్చనీ, ల్యాబులో మళ్లీ పరీక్షించాలనీ పట్టీల పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంది. (చదివే పని ఏ విభాగానికీ అప్పగించలేదు.)

వారంలోగా రెండు గీతలు చూపించకపోతే మగ్గం పోతుంది, మిల్లు ఇచ్చిన గదీ పోతుంది. "పోరగాళ్లను పట్టుకొని ఏడికి పోవాలె?" అని అతని భార్య భూదేవి ఏడ్చింది. లింగమూర్తి సిరప్ మానేశాడు. దగ్గుతున్నాడని వెనక్కి పంపారు. మళ్లీ తాగాడు. మళ్లీ ఒక్క గీతే.

పక్క మగ్గం నరేశ్ మాత్రం రోజూ తూలుతూ వచ్చి రెండు గీతలతో గెలుస్తున్నాడు. ఆ పట్టీకి సారా తెలియదు. ఇదేం న్యాయమని లింగమూర్తి అడిగితే పరమేశ్వర్ నొచ్చుకున్నాడు.

"గుజరాత్‌ల దారూ బంద్ కాకా. లేనిదాన్ని ఎట్ల టెస్ట్ చేస్తం?"

చివరికి నరేశే జాలిపడ్డాడు. "అన్నా, ఆ సిరప్ ఇడిసిపెట్టు. పొద్దుగాల నా లెక్క జర సారా ఏస్కో. ఒక్క దగ్గు రాదు."

లింగమూర్తి ఇప్పుడు దగ్గడం లేదు. రెండు గీతలూ చక్కగా వచ్చాయి. మగ్గం దక్కింది, గదీ దక్కింది. మిల్లువారు సంతోషించి 'మత్తులేని కార్మికుడు' అని రాసిన బిళ్ల బహూకరించారు. దాన్ని చొక్కాకు భూదేవే పెట్టాల్సి వచ్చింది, అతని చేతులు వణుకుతున్నాయి.