ఆరు కారణాల సెలవు

బుధవారం ఒక్కరోజు సెలవు పెట్టాలని సోమవారం పొద్దున పళ్ళు తోముకుంటూనే తీర్మానించేసుకుంది కొత్తమ్మాయి. పెళ్ళయి రెండు నెలలే కావడంతో కళ్ళద్దాల కంపెనీ ఆఫీసులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. భర్త ఉద్యోగం ఆరు గంటల బస్సు ప్రయాణం అవతల. ఆమెకు సెలవు ఆదివారం, ఆయనకు బుధవారం. చెప్పకుండా వెళ్ళి తలుపు తట్టాలి. అప్పుడాయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని నవ్వేసింది. ఆ నవ్వు చూసేందుకు ఇంట్లో అద్దం తప్ప ఎవరూ లేరు.

ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని సెలవు ఫారం తెరిచింది. కారణం దగ్గర ‘సొంత పని’ అని రాసి ‘పంపు’ నొక్కింది. ఇదివరకైతే పేజీ ఒకసారి తెల్లబడి, మళ్ళీ తెరుచుకుని ‘అందింది’ అనేది. ఇవాళ ఉలుకూ పలుకూ లేదు. కారణం నచ్చలేదేమోనని ‘జ్వరం’ అని మార్చింది. కదల్లేదు. ‘పంటి నొప్పి’. ఊహూ. ‘కాలు బెణికింది’. ‘అత్తగారికి ఆపరేషన్’. చివరికి విసుగొచ్చి, ఎలాగూ ఎవరికీ చేరదు కదా అని ఉన్నమాట రాసేసింది: ‘ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కర్ ఒక్కటే. మా ఆయన్ని చూడాలి.’

తర్వాత కంప్యూటర్లు చూసే ఆయన్ని పిలిచింది.

"అన్నయ్యా, ఈ ఫారం చచ్చిపోయింది."

"చావడమేంటమ్మా! శనివారమే కొత్తగా చేశా. ఇక పేజీ మళ్ళీ లోడ్ అవ్వక్కర్లేదు. నొక్కగానే వెనకాల డేటాబేస్‌లో సేవ్ అయిపోతుంది."

"అయిందని చెప్పదేం మరి?"

"అదొక్కటే మిగిలింది, రేపు పెడతా."

"అంటే... నే రాసినవన్నీ?"

"ఒక్కటీ పోలేదు. ఆరూ మేనేజర్ గారికి చేరాయి" అన్నాడు గర్వంగా.

మేనేజర్ గారు ఆరూ వరసగా చదివి, గది తలుపేసుకుని ఆమె భర్తకు ఫోన్ చేశారు.

"బాబూ, మీ ఆవిడకి జ్వరం, పంటి నొప్పి, కాలు బెణికింది. అత్తగారికి ఆపరేషనట."

"మా అమ్మకా? ఇప్పుడే మాట్లాడా సార్, పక్కింటావిడతో పోట్లాడుతోంది!"

"అయితే అసలు జబ్బు ఆరోదే. కుక్కర్‌తో మాట్లాడుతోందట. ఫోన్లో అడిగితే దాచేస్తుంది. బుధవారం చెప్పకుండా వచ్చెయ్."

ఆ తర్వాత ఆమెను పిలిచారు. ఆమె తల ఎత్తలేదు.

"ఏం చెప్పొద్దమ్మా. సెలవిచ్చేశా. ఇంటిపట్టున ఉండు."

"అలాగేనండీ" అంది, మనసులో బస్సు వేళలు లెక్కపెట్టుకుంటూ.

బుధవారం మొదటి బస్సెక్కి ఆయన గదికి చేరేసరికి తలుపుకు తాళం. ఇంటావిడ బయటికొచ్చింది.

"తెల్లారకుండానే బస్సుకి పరిగెత్తాడమ్మా. పెళ్ళానికి ఒంట్లో బాలేదట."

"ఆ పెళ్ళాన్ని నేనేనండీ."

"నిక్షేపంలా ఉన్నావే!" అంటూ మారుతాళం చెవి ఇచ్చింది.

గదిలో ఒకే కుర్చీ, ఒకే గ్లాసు. తలుపు వెనక ఆయన చొక్కా. దాన్ని ముక్కుకు ఆనించుకునేలోగా ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్? నా తాళంచెవితో తెరిచి ఇల్లంతా వెతికా!"

"మీ మంచం మీద."

అటువైపు ఆయన మంచం మీద కూలబడ్డ చప్పుడు వినిపించింది.

"ఇప్పుడే బయల్దేరి వచ్చేస్తా" అంది ఆమె.

"నువ్వొచ్చేసరికి నా బస్సు వెళ్ళిపోతుంది. పొద్దున్నే డ్యూటీ."

"మీ దిండు బండరాయిలా ఉందండీ."

"నీది బాగుంది" అన్నాడాయన మెల్లగా.

పెళ్ళి సెలవుల తర్వాత ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకడం అదే మొదటిసారి.