గొంతు పోయినవారికే శాలువా

ఒక పెద్ద అడవిలో కావలి శాఖ అని ఒకటి ఉండేది. అందులో ఉద్యోగులంతా తీతువు పిట్టలు. అధికారి మాత్రం గుంటనక్క. ఎగరడం రానివాళ్ళకే ఎగిరేవాళ్ళ మీద అజమాయిషీ అప్పగించడం ఆ అడవి ఆనవాయితీ.

ఆ ఏడు అడవికి ఎలుకల పీడ పట్టుకుంది. మామూలు ఎలుకలైతే తరిమేద్దురు. ఇవి కావలివాళ్ళ గూళ్ళ కిందే కన్నాలు తవ్వి కాపురం పెట్టాయి. పిట్టలు రేయింబవళ్ళు అరిచాయి. ఎలుకలు పెరిగాయి, పిట్టలు చిక్కిపోయాయి. అరవడానికి లేచిన పిట్ట గుడ్లు పొదిగేదెప్పుడు? అక్కులమ్మ అనే తీతువుకు రెండు విడతల గుడ్లు అలాగే చల్లబడిపోయాయి. మళ్ళీ పెట్టాలంటేనే దానికి గుండె దడ.

గుంటనక్కకు మాత్రం సంబరమే. "చూశారా, మన శాఖ ఎంత పని చేస్తోందో!" అంటూ పున్నమి పున్నమికీ గొంతు బాగా బొంగురుపోయిన పిట్టకు శాలువా కప్పేది.

అక్కులమ్మ వెళ్ళి గురవమ్మ అనే ముసలి పావురం ముందు ఏడ్చింది. గురవమ్మ పట్నంలో హెచ్‌ఐవీ రోగులకు మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం కిటికీ మీద పదేళ్ళు కాపురమున్న పక్షి.

"ఇది నాకు తెలిసిన రోగమేనే," అంది గురవమ్మ. "మనుషుల ఒంట్లో హెచ్‌ఐవీ అని ఒక క్రిమి దూరుతుంది. కావలి కాసే కణాల్లోనే మకాం పెడుతుంది. ఆ కణాలు అదేపనిగా ఉలిక్కిపడి, ఉలిక్కిపడి అలిసిపోతాయి. డాక్టరమ్మ రోజూ మాత్ర వేసుకోమంటుంది. మాత్రతో క్రిమి పూర్తిగా పోదు గానీ, పెరగలేక మూల నక్కుతుంది. కణాలు కుదుటపడతాయి."

"పూర్తిగానా అత్తా?"

"పూర్తిగా అంటే అబద్ధమే. కాస్త ఉలికిపాటు మిగులుతుంది. అయినా బతుకు బతుకులా ఉంటుంది. ఒక్కటే షరతు, మానకూడదు."

గురవమ్మ చెప్పిన ఉపాయం ప్రకారం మర్నాటి నుంచి పిట్టలు రోజూ తెల్లారగానే వావిలాకు నలిపి ప్రతి కన్నం దగ్గరా పెట్టాయి. ఆ ఘాటుకు ఎలుకలు లోపలే ముడుచుకున్నాయి. పిట్టలకు నిద్ర పట్టింది. కలలో ఒకటీ అరా కీచుమనేవి, అంతే. అక్కులమ్మ ధైర్యం చేసి నాలుగు గుడ్లు పెట్టి పొదగసాగింది.

అడవి ఇలా ప్రశాంతంగా ఉండేసరికి గుంటనక్క ప్రాణం ఉసూరుమంది. పదిహేను రోజుల్లో సింహరాజు తనిఖీ.

"ఏమే అక్కులమ్మా, అరుపులేవి?"

"ఎలుకలు బయటికి రావట్లేదు అయ్యగారూ."

"రానప్పుడు ఆకెందుకే? రేపట్నుంచి మానేయండి. అరుపు వినబడకపోతే శాఖ ఉందని రాజుగారికెలా తెలుస్తుంది?"

"ఆకు పెడుతున్నాం గనకే కదయ్యా అవి రానిది!"

"నీకు తెలివి ఎక్కువైంది. వెళ్ళు!"

అందరూ మానేశారు. అక్కులమ్మ మాత్రం తన గూటి కింద కన్నానికి ఆకు పెడుతూనే ఉంది. ఉద్యోగం పోతే పోనీ, గుడ్లు దక్కితే చాలనుకుంది.

వారం తిరిగేసరికి ఎలుకలు పుట్టలు పుట్టలుగా బయటపడ్డాయి. తనిఖీ నాటికి అడవంతా అరుపులే. "ఆహా, ఎంత అప్రమత్తత!" అని సింహరాజు మురిసిపోయి, విందు లాగించి, మిట్టమధ్యాహ్నం చెట్టు కింద గుర్రుపెట్టాడు.

అప్పుడు చెట్టు మీంచి కొండచిలువ జారింది. రాజుగారి నడుముకు ఒక చుట్టు చుట్టింది. కావలి పిట్టలన్నీ చూశాయి, నోళ్ళు తెరిచాయి. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుల్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అందరికంటే ముందు పారిపోయింది గుంటనక్క.

అక్కులమ్మ గూట్లోంచే ఒక్క కేక పెట్టింది. నెల రోజులు విశ్రాంతి తీసుకున్న గొంతు, కొండకు తగిలి మోగింది. సింహం ఉలిక్కిపడి లేచి, చుట్టు విదిలించుకుని బతికి బయటపడింది.

"ఆ కేక ఎవరిది?"

పొదలోంచి వచ్చిన గుంటనక్క ఒంగి దణ్ణం పెట్టింది. "ప్రభూ, అది నెల రోజులుగా నోరు మెదపని సోమరి. మెమో కూడా సిద్ధం చేశాను."

"ఏదీ, ఇటివ్వు," అని సింహం దాన్ని పరపరా చింపింది. "రేపట్నుంచి ప్రతి కన్నానికీ నువ్వే ఆకు పెట్టాలి. ఒక్క పూట తప్పినా ఊరుకోను."

"ఎన్నాళ్ళు ప్రభూ?"

"బతికున్నన్నాళ్ళూ."

ఇదేదీ అక్కులమ్మ చెవిన పడలేదు. దాని రెక్కల కింద మొదటి గుడ్డు చిట్లుతోంది.

నీతి: కావలివాడు కునుకు తీస్తుంటే తిట్టకండి, ఆ కునుకు కోసమే కదా మందు!