భవాని ఊరికే బయల్దేరింది

మానేసిన కసరత్తు ఆ ఆదివారం పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టాలని దుర్గాభవాని నిశ్చయించుకుంది. జిమ్‌కు మాత్రం వెళ్లదు. భుజాల మీద రాడ్డు పెట్టుకుని కూర్చుని లేవబోయి ఆమె వెల్లకిలా పడిపోయింది అక్కడే. ఎక్కడ తప్పు చేస్తోందో చూపించడానికి కోచ్ ప్రమోద్ వీడియో తీసి ఆమెకు పంపాడు. అది ఎలా బయటపడిందో గానీ, చీపురుపల్లి అంతా తిరిగి పాతపట్నంలో పుట్టింటివాళ్ల ఫోన్లలోకి చేరింది. ప్రమోద్ పనేనని భవాని అతన్ని నలుగురిలో దులిపేసి వచ్చేసింది. అప్పటినుంచి ఆమెకు ఇంట్లో కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఏం చేయాలో తోచదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది.

అందుకే రెండు ప్రయాణపు బ్యాగుల నిండా బియ్యం పోసి, చేతికొకటి పట్టుకుని, ఊరు లేవకముందే రైల్వే స్టేషన్ దాకా నడిచి వచ్చేద్దామని బయల్దేరింది. రెండు చేతులూ ఖాళీ లేక ఫోను ఇంట్లోనే వదిలేసింది.

సందు చివర కాంతం తన కిరాణా కొట్టు ముందు కళ్లాపి చల్లుతోంది. "ఏటి భవానీ, ఊరికా?" అంది.

మళ్లీ కసరత్తంటే నవ్వుతుందని భవానికి భయం. "ఊరికే," అని ఆగకుండా సాగిపోయింది.

ఊరికే అంటే ఊసుపోక అని భవాని ఉద్దేశం. ఊరికే అంటే పుట్టింటికే అని కాంతానికి అర్థమైంది. పైగా మొహం ఎర్రగా ఉంది, చేతుల్లో రెండు బ్యాగులున్నాయి, పక్కన మొగుడు లేడు. కాంతం చెంబు కింద పెట్టి ఫోను తీసింది.

రెండు నిమిషాల్లో భవాని అత్త జగ్గమ్మ కొడుకు దుప్పటి లాగేసింది. "ఒరే మురళీ, లెగు. నీ పెళ్లాం ఎలిపోనాది."

"ఎక్కడికి?"

"పాతపట్నం. కాంతం సూసింది. రెండు బేగులూ ఇంట్లో నేవు. ఫోను కూడా ఒగ్గేసి పోనాది. ఏటన్నావురా దాన్ని?"

"ఏటీ అన్లేదమ్మా," అన్నాడు మురళీమోహన్, అవసరమైనదానికన్నా తొందరగా. వెంటనే పాతపట్నంలో బావమరిది మోహనకృష్ణకు ఫోన్ చేశాడు. "బావా, భవాని అక్కడికొస్తే ఉంచు, నేనొస్తాను."

"ఏటి సేసినావు బావా?"

"ఏటీ సెయ్యలేదు."

"సెయ్యకపోతే పొద్దున్నే ఎందుకొస్తాది? నువ్వు రావొద్దు. మేమే పెద్దోళ్లని తీసుకుని వస్తన్నాం."

అటు భవాని స్టేషన్ బయట సిమెంటు బల్ల మీద కూలబడి, కళ్లలోకి దిగుతున్న చెమటను చున్నీతో తుడుచుకుంటోంది. ఎక్కడా బ్యాగులు దించకుండా వచ్చింది. ఈ మాట ఎవరికైనా చెప్పాలని ఉంది. చెబితే అర్థమయ్యేవాడు ప్రమోద్ ఒక్కడే. అంతలో స్కూటీ మీద మురళీమోహన్, వెనక జగ్గమ్మ దిగారు. లోపల పాతపట్నం వైపు పాసింజరు వస్తోందని చెబుతున్నారు.

"భవానీ, ఎలిపోకే," అన్నాడు మురళీమోహన్. "తప్పు నాదే."

ఏ తప్పో తెలియనప్పుడు మాట్లాడకుండా ఉండడం మంచిదని కాపురం ఆమెకు నేర్పింది. ఊపిరి కూడా ఇంకా అందలేదు.

ఆ మౌనాన్ని అతను తట్టుకోలేకపోయాడు. "నీకు తెలిసిపోయిందని నాకర్థమైంది. ఆ వీడియో నీ ఫోన్లోంచి తీసి మా ఫ్యాక్టరీవోళ్ల గ్రూపులో ఎట్టింది నేనే. నవ్వుకుంటారని ఎట్టేను. పాతపట్నం దాకా పోతాదనుకోలేదు."

భవాని చున్నీ దించింది. "ప్రమోద్ కాదా?"

"కాదు."

"అతన్ని నలుగురిలో నానా మాటలూ అన్నాను బావా."

"తెలుసు. నేనూ అక్కడే ఉన్నాను కదా."

దారంతా కోడలిని బతిమాలే మాటలు కూర్చుకుంటూ వచ్చిన జగ్గమ్మ వాటిని పక్కన పెట్టింది. "ఒరే, ఆ బేగులొట్టుకో."

మురళీమోహన్ వంగి లాగాడు. బ్యాగు కదల్లేదు, నడుం కలుక్కుమంది. "ఏటున్నాయే ఇందులో?"

"బియ్యం."

"పుట్టింటికి బియ్యమెందుకే?"

"పుట్టింటికెవరెల్తన్నారు? ఎక్సర్‌సైజు సేస్తన్నాను."

పాసింజరు వచ్చి వెళ్లిపోయింది. ఎవరూ మోపని నేరాన్ని తానే ఒప్పుకున్నానని మురళీమోహన్‌కు అప్పుడు తెలిసింది. భవాని అతని చేతిలోంచి స్కూటీ తాళం తీసుకుని, అత్తను ఎక్కించుకుని వెళ్లిపోయింది. అతను కరెంటు స్తంభం స్తంభానికీ బ్యాగులు దించుకుంటూ ఇంటిదారి పట్టాడు. స్కూటీ వెళ్లినప్పుడు కొట్టు లోపల బేరంలో ఉన్న కాంతం, బ్యాగులతో మొగుడొక్కడే రావడం మాత్రం చూసింది. సామాన్లే వెనక్కి వచ్చాయి, మనిషి రాలేదు అన్న కబురు అతనికన్నా ముందే బజారు దాటింది.

మధ్యాహ్నానికి పాతపట్నం నుంచి కారు నిండా పెద్దలు దిగారు. వాళ్ల ముందు మురళీమోహన్ అదే నేరం మళ్లీ ఒప్పుకున్నాడు, ఈసారి గోడకు చేరగిలబడి.

సోమవారం పొద్దున్నే భవాని జిమ్‌కు వెళ్లి, ఏ నలుగురిలో తిట్టిందో ఆ నలుగురిలోనే ప్రమోద్‌కు క్షమాపణ చెప్పింది. అతను రాడ్డుకున్న బరువులన్నీ తీసేశాడు. "అక్కా, ఇక్కడినుంచి మొదలెడదాం," అన్నాడు. ఆమె ఉత్త రాడ్డును భుజాల మీదికి ఎత్తుకుంది. కూర్చుంది. ఒక్క క్షణం అక్కడే ఉండిపోతాననుకుంది. లేచింది. మళ్లీ కూర్చుంది.

అదే సమయానికి మంచం మీద అటూ ఇటూ తిరగలేని మురళీమోహన్ సెలవు కోసం సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, కారణం అడిగితే ప్రయాణ బడలిక అన్నాడు.